తలా తోకా లేని గీత

“మా మావని చంపింది మాంత్రికుడు కాదు మారాజా! నీ కొలువులో పట్టు శాలువాలు కప్పుకుని కూర్చున్నారే, ఆళ్ళు! ఆళ్ళు గీసిన ఒక్క గీత!”

తామ్రదుర్గం సభామంటపం దద్దరిల్లింది. గాయకుడి గొంతు ఆగింది. తాంబూలం నములుతున్న మంత్రుల దవడలు ఆగాయి. అరిచిన మనిషి మసి కొట్టుకున్న పంచె, మోకాళ్ళ దాకా తోలు గుడ్డ, బొడ్డు దాటిన గడ్డంతో ఉన్నాడు. మొలలో ఉలీ సుత్తీ ఉన్నాయి. చూడబోతే కొలిమి దగ్గర నుంచి నేరుగా లేచి వచ్చిన కమ్మరి.

“ఎవడివిరా నువ్వు? లోపలికి ఎలా వచ్చావు?” అని గద్దించాడు కీర్తిధవళ మహారాజు.

“అదే కదా సెప్పడానికొచ్చాను!”

ఆ మనిషి గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. జనపనార కుచ్చు ఊడి సింహాసనం మెట్ల మీద పడింది. దాని వెనక ఇరవై ఏళ్ళ పడుచు ముఖం కోపంతో కణకణలాడుతోంది.

“కమ్మరి వీరాచారి మేనకోడల్ని. పేరు సూరాలు. ఊరు నల్లకొండపేట. నేనూ మగాణ్ణి కాను, పిలిచిన పిలుపూ సరైంది కాదు. అయినా మీ కంచు కింకరుడు నన్ను లోపలికి రానిచ్చాడు. మా మావ నిజం సెప్పాడు. ఆయన్ని గదతో నేలకి అప్పడంలా అణిచీసాడు!”

సంగతి ఇదీ. పడమటి ఎడారి నుంచి సికతుడనే మాంత్రికుడు నడిచే ఇసుకను తోలుకొస్తున్నాడు. అది ఊళ్ళమీద పడి ఇళ్ళూ బావులూ మింగేస్తోంది. నల్లకొండపేటలో కుమ్మరులూ కమ్మరులూ తప్ప వేరెవరూ లేరు. దుర్గంలో నీళ్ళ కుండలు వాళ్ళవే, బాణాల ములుకులు వాళ్ళవే. వాళ్ళకు కోటలో చోటిస్తానని మహారాజు మాట ఇచ్చాడు. కోట గుమ్మం కాసే కంచు కింకరుడు తన రొమ్ము పలకలో ఉన్నట్టు పిలిస్తేనే తలుపు తీస్తాడు. ఇచ్చిన మాటను ఆ పలక మీద చెక్కించాలి కదా? ఆ పని గీతల మండలిది. పలకల మీద గుర్తులు నిర్ణయించేది వాళ్ళే. చుక్క పెడితే ఏ అక్షరమైనా సరే, పువ్వు పెడితే ఎన్నిసార్లయినా సరే. “ఇదైనా సరే, అదైనా సరే” అనడానికి ఏం గుర్తు పెట్టాలని నెలంతా వాదించుకుని, విందులు తిని, చివరికి ఒక నిలువు గీత చాలన్నారు. చెక్కించారు. ఇదిగో ఇలా:

నల్లకొండపేట కుమ్మరి | కమ్మరి తలుపు తీయి

“ఇందులో దోషమేమిటి?” మండలి పెద్ద శబ్దభాస్కరుడు లేచాడు. సన్నగా, పొడుగ్గా, తాను గీసిన గీతలాగే ఉంటాడు. “గీతకు అటు కుమ్మరి, ఇటు కమ్మరి. నల్లకొండపేట కుమ్మరి తలుపు తీయమన్నా తీయాలి, కమ్మరి తీయమన్నా తీయాలి. అర్థం సుస్పష్టం. ఒక్క గీత! ఎంత పొదుపు, ఎంత అందం!”

“ఎవుడికి సుస్పష్టం పంతులుగోరూ? మీకు! మీరు మనసులో ఏటనుకున్నారో కింకరుడికెలా తెలుస్తాది? ఆడి బుర్రలో కంచు తప్ప ఏటుంది? గీతకి ఇవతల ఉన్నదంతా ఒక ఇల్లు, అవతల ఉన్నదంతా ఇంకో ఇల్లు, ఆడికి. ‘నల్లకొండపేట కుమ్మరి’ అని ఊరుకున్నోడు ఒకడు. ‘కమ్మరి తలుపు తీయి’ అన్నోడు ఇంకొకడు. అంతే! మా మావ ఏటన్నాడు? ‘నల్లకొండపేట కమ్మరి తలుపు తీయి’ అన్నాడు. ఆ మాట పలకలో ఎక్కడుంది? లేదు. గద దిగింది. నేను ఊరి పేరు మింగీసి ‘కమ్మరి తలుపు తీయి’ అన్నాను. తీసీసాడు.”

శబ్దభాస్కరుడు శాలువా సర్దుకుని కూర్చోబోయాడు.

“ఆగండి, అసలు మాట ఇంకా ఉంది. సికతుడి మనుషులు ఇసుకలోంచి పుట్టినోళ్ళు. ఆళ్ళకి ఊరు లేదు. ఊరి పేరు అనబోతే నాలుక రాలిపోతాది. మీ పలకకి ఊరి పేరే తాళం కదా? ఆ తాళాన్ని మీ గీతే ఊడగొట్టింది. నాకన్నా ముందు ఒకడు ఇలాగే పిలిచి లోపలికొచ్చాడు. ఆడు నడిచినచోటల్లా ఇసుక రాల్తంది.”

సభలో తలలన్నీ ఒక్కసారి కిందికి వంగాయి. చలువరాతి నేల మీద, గుమ్మం నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి సింహాసనం వెనక దాకా, సన్నని ఇసుక చార. దాని చివర మహారాజు తల పక్కన చామరం వీస్తున్న సేవకుడు.

“ఓ చామరం అన్నా! నీదే ఊరు?” అని అడిగింది సూరాలు.

వాడు నోరు తెరిచాడు. మాటకు బదులు బొలబొలా ఇసుక కారింది. మరుక్షణం చామరం కాడలోంచి కత్తి దూసి మహారాజు మెడ మీదికి దూకాడు. అంతకన్నా వేగంగా ఇంకో కత్తి గాలిలో మెరిసింది. యువరాజు అరిందముడు మెట్లమీద నుంచే ఎగిరి అడ్డంగా నరికాడు. నెత్తురు బొట్టు రాలేదు. సింహాసనం పక్కన మోకాలెత్తు ఇసుక కుప్ప, దాని మీద ఖాళీ తలపాగా మిగిలాయి.

మంత్రులు కుర్చీలెక్కారు. ఏనుగు దంతం బొమ్మలు దొర్లిపోయాయి.

“మా వోళ్ళంతా గుమ్మం బయటే ఉన్నారు,” అంది సూరాలు. “మా నాయనమ్మ గవిరమ్మ ఉంది. ఆవిడే పెంచింది నన్ను. పొద్దుగూకేలోగా ఇసుక గుమ్మం దాకా వచ్చీసుద్ది. కుమ్మరులు పిలిస్తే గద, కమ్మరులు పిలిస్తే గద. ఇసుక ముండాకొడుకులు పిలిస్తే తలుపు. ఏం చేస్తారో చెయ్యండి, ఇప్పుడు చెయ్యండి!”

“మండలిని సమావేశపరచి, పూర్వగ్రంథాలు పరిశీలించి…” అని శబ్దభాస్కరుడు అందుకున్నాడు.

అరిందముడు ఆయన రెక్క పట్టుకున్నాడు. “దారిలో పరిశీలిద్దాం, గురువుగారూ. పదండి!”

*

తామ్రదుర్గం బయటి గుమ్మం చూడని కన్ను కన్నే కాదని దేశదేశాల వర్తకులు చెప్పుకునేవారు. ఎర్రరాతి బురుజుల మధ్య తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉంటాడు కంచు కింకరుడు. కోరమీసాల మీద పావురాలు వాలుతాయి, చెవి కమ్మల్లో ఎదిగిన మనిషి ఉయ్యాల ఊగవచ్చు. కుడిచేతిలో గద, రొమ్మున నిలువెత్తు రాగి పలక. సాయంకాలపు ఎండ పడితే ఒళ్ళంతా కరిగిన బంగారం పోసినట్టుంటుంది. ఆ రోజు ఎండ లేదు. పడమటి ఆకాశం అంచు నుంచి అంచు దాకా పసుపుపచ్చగా లేచి నిలబడింది. అది మబ్బు కాదు. ఇసుక.

కింకరుడి బొడ్డులో ఆరని దీపం ఉంది. గుమ్మం ముందు నిలబడి ఎవరైనా పిలుపు పిలిస్తే ఆ దీపం నుంచి నిప్పు బయలుదేరి, పలక మీద చెక్కిన అక్షరాల గాడుల వెంబడి పాకుతుంది. పిలుపులో మాట, పలకలో మాట కలిస్తే ముందుకు సాగుతుంది. కలవకపోతే ఆరిపోతుంది. పిలుపు ముగిసేసరికి నిప్పు చివరికి చేరితే తలుపు తెరుచుకుంటుంది. చేరకపోతే గద లేస్తుంది. గీత ఉన్నచోట మాత్రం మొదటే రెండు నిప్పులు పుడతాయి: ఒకటి పలక మొదట్లో, ఒకటి గీత తరువాత. వీరాచారి ప్రాణం తీసింది ఆ రెండో నిప్పే.

గోడ మీద నుంచి తాళ్ళు వదిలారు. సూరాలు ఒక తాడుకి, అరిందముడు ఒక తాడుకి వేలాడుతూ కింకరుడి రొమ్ము దగ్గరికి దిగారు. యువరాజు చేతిలో కరిగిన సీసం ఉన్న గరిటె. కింద గుమ్మం ముందు జనం బండ్లూ కుండలూ కొలిమి తిత్తులూ పెట్టుకుని కిక్కిరిసి ఉన్నారు. అందరికన్నా ముందు కర్ర ఊతంతో ఒక ముసలమ్మ నిలబడి పైకి చూస్తోంది.

“ఓలే సూరాలూ! గెడ్డం ఎట్టుకుని ఎల్లినావు, ఏదే గెడ్డం? రాజుగోరికి నచ్చి ఉంచీసుకున్నాడేటి?”

“నాయనమ్మా, నోర్ముయ్యే! ఎవరూ ఏ పిలుపూ పిలవొద్దు, నేను సెప్పేదాకా!”

“సెప్పు సెప్పు. వెనకమాల ఇసుక మటుకు నీకోసం ఆగదు.”

అరిందముడు సీసం పోసి గీతను పూడ్చేశాడు. “ఇప్పుడేం చెక్కుతావు?”

“మా ఇళ్ళల్లో ఏటంటామో అదే. కుమ్మరో కమ్మరో అంటాం. ఎవుడి ‘ఓ’ ఆడికే ఉంటాది. మద్దిన ఈ గీత ఎందుకు?”

గోడ మీద నుంచి శబ్దభాస్కరుడు తల బయటకు పెట్టాడు. “శాసనంలో వీధి మాటలా! అపచారం!”

“వీధిలో వాళ్ళేగా చస్తున్నది, గురువుగారూ,” అన్నాడు అరిందముడు. “చెక్కు, సూరాలూ!”

ఉలి ఠంగుఠంగుమంది. రాగి పొట్టు మెరుస్తూ కిందికి రాలింది. కుమ్మరి చివర ఒక ఓత్వం, కమ్మరి చివర ఒక ఓత్వం. పలక ఇలా తయారైంది:

నల్లకొండపేట కుమ్మరో కమ్మరో తలుపు తీయి

“మొదట ఒక్కరు పిలవండి!” అని అరిచింది సూరాలు.

చక్రం భుజాన వేసుకున్న కుమ్మరి ఒకడు వణుకుతూ ముందుకొచ్చాడు. “నల్లకొండపేట కుమ్మరి తలుపు తీయి!”

నిప్పు బయలుదేరింది. నల్లకొండపేట దాటింది. కుమ్మరి దాటింది. మొదటి ఓత్వం దగ్గర ఒక్క ఎగురు ఎగిరి రెండో ఓత్వం అవతల పడింది. తలుపు, తీయి… చివర! కంచు తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. జనం కేకలు మిన్నంటాయి. కుమ్మరి వెనక కుమ్మరి, పిలుపు మీద పిలుపు. బండ్లు గడగడలాడుతూ లోపలికి దూసుకుపోతున్నాయి. సూరాలు తాడు మీదే గిర్రున తిరిగి ఈల వేసింది.

సరిగ్గా అప్పుడే గుంపులోంచి తల మీదుగా దుప్పటి కప్పుకున్న ఒకడు ముందుకు వచ్చాడు. “కమ్మరి తలుపు తీయి,” అన్నాడు గరగరలాడే గొంతుతో.

తలుపు తెరుచుకుంది.

వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. అడుగు తీసి అడుగు వేస్తే ఇసుక. అరిందముడు తాడు వదిలేసి కింకరుడి మోకాలి మీదికి దూకి, అక్కడి నుంచి గుమ్మంలోకి దూకాడు. కత్తి ఝళిపించి ఒకణ్ణి కుప్ప చేశాడు, రెండోవాడి చెయ్యి తెగి ఇసుక ధారగా కారింది. మూడోవాడు తప్పించుకుని లోపలి బండ్ల మధ్య మాయమయ్యాడు.

గందరగోళంలో కమ్మరి అప్పలాచారి ఆగలేకపోయాడు. పెళ్ళాన్ని వెనక్కి నెట్టి తానే ముందుకొచ్చి గొంతెత్తాడు. “నల్లకొండపేట కమ్మరి తలుపు తీయి!”

నిప్పు నల్లకొండపేట దాటింది. ముందు కుమ్మరి అన్న మాట ఎదురైంది. కలవలేదు. ఆరిపోయింది. గీతకు పుట్టినట్టే ఓత్వానికీ పుట్టే రెండో నిప్పు అసలు అంటుకోనేలేదు, అది కమ్మరి దగ్గరే మొదలవుతుంది, అప్పలాచారి పిలుపు నల్లకొండపేటతో మొదలైంది. గద మెల్లగా లేచింది. ఒకసారి తప్పు పట్టాక కింకరుడు మరో పిలుపు వినడు, గద దించేదాకా ఆ మనిషినే చూస్తాడు.

“పారిపో మావా!” అని కేకేసింది సూరాలు. ఎక్కడికి పారిపోతాడు? వెనక జనం, జనం వెనక ఇసుక.

“తోక ఉంది! తల లేదు!”

ఆ కేక వేసింది శబ్దభాస్కరుడు. గోడ మీద నుంచి సగం బయటికి వంగి, శాలువా గాలికి ఎగిరిపోయినా చూసుకోకుండా, చేతులూపుతున్నాడు. “అమ్మాయీ! ఎక్కడ ముగుస్తుందో చెప్పావు, ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు! నీ ‘కుమ్మరో’ వెనక్కి పోయి నల్లకొండపేటను కూడా తనలోకి లాగేసుకుంది! వాడికి ఆ ఇల్లు ఇంకా పలక మొదటి నుంచే మొదలవుతోంది!”

“మరేటి చెయ్యాలి?”

“తల పెట్టాలి! ఓత్వం తోక. తోక ఉన్నదానికి తల ఉండాలి. తలకట్టు పెట్టు! కుమ్మరికి ముందు, ఖాళీలో, పెద్ద తలకట్టు! దాని దగ్గర మొదలు, చివరి ఓత్వం దగ్గర సరి!”

“మీరు దిగి రండి, ఉలి పట్టుకోండి! నా చెయ్యి అక్కడికి అందదు!”

ఆ మాట విని, వెంట వచ్చిన మండలి పండితులు రెండడుగులు వెనక్కి వేశారు. శబ్దభాస్కరుడు వేయలేదు. జీవితంలో మేడ మెట్లు తప్ప ఎక్కని మనిషి కళ్ళు మూసుకుని తాడు పట్టుకుని జారాడు. అరచేతులు ఒలిచిపోయాయి. కింకరుడి కంఠహారం మీద బోర్లాపడి, ఒక కాలు ఆడిస్తూ, సూరాలు అందించిన ఉలీ సుత్తీ పట్టుకున్నాడు.

“కొట్టండి పంతులుగోరూ!”

“కొడుతున్నాను! ఇది ఎటు పట్టుకోవాలి?”

“మొండివేపు కాదు, పదునువేపు!”

గద నడినెత్తికి చేరింది. ఆ నీడ అప్పలాచారి మీద పడింది. ఠంగ్! ఒక దెబ్బ వాలుగా. ఠంగ్! ఒక దెబ్బ పైకి. రాగి మీద పెద్ద తలకట్టు మెరిసింది. గద దిగడం మొదలుపెట్టింది. సూరాలు కళ్ళు మూసుకుంది.

చప్పుడు లేదు.

కళ్ళు తెరిచి చూస్తే గద అప్పలాచారి తలకు జానెడు ఎత్తున ఆగి ఉంది. పలక మారింది కాబట్టి బొడ్డులో నిప్పు అతని పిలుపును మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది! నల్లకొండపేట దాటింది. తలకట్టు దగ్గర ఆగి రెండుగా చీలింది. ఒక పాయ కుమ్మరి మీద పడి ఆరిపోయింది. రెండో పాయ కమ్మరి మీదుగా పరుగెత్తి, తోక దాటి, తలుపు తీయి అంటూ చివరికి చేరి భగ్గుమంది. గద పక్కకు ఒరిగింది. తలుపు తెరుచుకుంది.

అప్పలాచారిని పెళ్ళాం జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది.

దుప్పటి కప్పుకున్న ఇంకొకడు ధీమాగా ముందుకొచ్చాడు. “కమ్మరి తలుపు తీయి.” నిప్పు మొదటి అక్షరం దగ్గరే ఆరిపోయింది. గద దిగింది. గుమ్మం ముందు ఇసుక కుప్ప.

“పంతులుగోరూ!” సూరాలు తాడు మీద ఊగుతూనే వచ్చి ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. “మీరు పనికొస్తారు!”

“నా గీతకు తల లేదని నాకెవరూ చెప్పలేదు,” అన్నాడాయన రొప్పుతూ.

“మా మావ సెప్పాడు. మీరు కిందికి చూడనేదు.”

జనం పిలుపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తలుపు ఊపిరి తీసినట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, ఆఖరి బండి లోపలికి దూరిన మరుక్షణం నడిచే ఇసుక వచ్చి బయటి గుమ్మాన్ని గుద్దింది. కోట మొత్తం ఒక్కసారి మూలిగింది. తలుపు సందుల్లోంచి పసుపుపచ్చని ధారలు లోపలికి కారసాగాయి. ఆ ఇసుక అవతల ఎక్కడో సికతుడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు రాళ్ళు ఒరుసుకున్నట్టుంది.

*

బయటి గోడకూ లోపలి గోడకూ మధ్య ఇరుకైన దారి. నల్లకొండపేట మొత్తం ఇప్పుడు ఆ దారిలో ఉంది. ముందు లోపలి గుమ్మం; ఎప్పుడూ తెరిచే ఉండే దాన్ని సభలో కత్తి మెరిశాక మూసేశారు. దాని దగ్గర ఇంకో కింకరుడు. వెనక పగుళ్ళిస్తున్న తలుపు.

“అక్కడి పలక మీద ఏముంది?” అని గోడ మీద పరుగెడుతూ అడిగాడు అరిందముడు.

“భయం లేదు,” అన్నాడు శబ్దభాస్కరుడు, వెనకే పడుతూ లేస్తూ. “అక్కడ ఊళ్ళ పేర్లే. గీతకు అటు ఒకటి, ఇటు ఒకటి. వేరే మాటే లేదు. తలా అక్కర్లేదు, తోకా అక్కర్లేదు.”

“ఏ ఊళ్ళు?”

“నల్లకొండ. నల్లకొండపేట.”

సూరాలు పరుగు ఆపేసింది. “ఏది ముందుంది?”

“నల్లకొండ. రెండూ ఉన్నాయి కదా, ఏది ముందుంటేనేం? ఒక నిప్పు ఇటు, ఒక నిప్పు అటు…” అని ఆగిపోయాడు.

“ఈడికి నిప్పులెన్ని, పంతులుగోరూ?”

“ఒకటే,” అన్నాడు అరిందముడు నెమ్మదిగా. “రెండో నిప్పుకు చమురు దండగన్నారు మా నాన్నగారు.”

ఒక్క నిప్పున్నవాడు ఏం చేస్తాడు? మొదటి పేరు పట్టుకుంటాడు. నల్లకొండ కలిసిందా, అయిపోయింది, గీత దగ్గరే వాడి చదువు ముగిసింది. రెండో పేరు వైపు తల తిప్పడు. వెనక్కి తిరగడం వాడికి ఎవరూ నేర్పలేదు. పిలిచినవాడి నోట్లో ఇంకా ‘పేట’ మిగిలి ఉంటే, ఎక్కువ మాట్లాడాడు, అబద్ధీకుడు, కొట్టెయ్!

“నాయనమ్మా!” సూరాలు గోడ అంచు మీద పడి అరిచింది. “పిలవకే! పిలవొద్దే!”

ఎక్కడైనా అందరికన్నా ముందుండటం గవిరమ్మకు అలవాటు. సగం చెవుడు. కర్ర నేలకేసి కొట్టి, రొమ్ము విరుచుకుని, ఊరి పేరు ఊరంత గొంతుతో పిలిచేసింది.

“నల్లకొండపేట!”

నిప్పు నల్లకొండ దాటి గీత దగ్గర టక్కున ఆగింది. గద లేచింది.

అరిందముడు ఆలోచించలేదు. గోడ మీది తూము గొలుసు పెకలించి, ఉచ్చు వేసి, గద మెడకు విసిరాడు. పడింది! గోడ కాపలా భటులు నలుగురు గొలుసు పట్టుకుని వెనక్కి వాలారు. గద గాలిలో ఆగి, వణికి, వేలెడు కిందికి జారింది. భటుల మడమలు రాతి మీద గీసుకుపోతున్నాయి. గొలుసులో ఒక కొక్కెం సాగుతోంది.

“ఇదేటర్రా?” గవిరమ్మ పైకి చూసింది. “పుట్టిన ఊరి పేరు సెప్పినా తప్పేనా? ఇంకేటి సెప్పాలి మీకు?”

“కదలకే నాయనమ్మా!”

“కదల్డానికి చోటెక్కడుందే గుంటా! కాళ్ళకాడికి ఇసుకొచ్చీసింది!”

వెనక బయటి తలుపు రెండుగా చీలింది. దారిలోకి ఇసుక నురగలు కక్కుతూ దూకింది. పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. కుండలు తేలుతున్నట్టు దొర్లుతున్నాయి. సూరాలు అప్పటికే తాడు కట్టుకుని పలక మీదికి దూకేసింది.

“అంతా చెరిపి మళ్ళీ చెక్కే తీరిక లేదు!” అని అరిచింది. “మొదటి పేరుకి పేట తగిలిస్తాను, రెండో పేరులో పేట పూడ్చీండి! పొడుగుది ముందు, పొట్టిది వెనక!”

“నల్లకొండకూ గీతకూ మధ్య చోటు లేదు!” శబ్దభాస్కరుడు ఆమె పక్కకే జారి వచ్చాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. “హంసపాదం! తాటాకు మీద అక్షరం మరిస్తే ఏం చేస్తాం? సందులో హంసపాదం వేసి కిందన రాస్తాం! అది నేను వేస్తాను, నువ్వు కింద పేట చెక్కు!”

“ఈడికి హంసపాదం తెలుసా?”

“నాకు తెలియదు!”

“మరింకేం, కొట్టండి!”

ఉలులు రెండూ ఒక్కసారి మోగాయి. ప అయింది. ఏత్వం సగం అయింది. గొలుసు కొక్కెం పుటుక్కుమంది. భటుడొకడు వెల్లకిలా పడ్డాడు. గద జారింది. అరిందముడు గొలుసు చివర నడుముకు చుట్టుకుని గోడ పళ్ళకు కాళ్ళు తన్నిపెట్టాడు. అయినా జారుతోంది. గవిరమ్మ కర్ర ఎత్తి గదకు అడ్డం పెట్టింది.

లోపలి గోడ మీద గొడుగు కింద కీర్తిధవళ మహారాజు నిలబడి ఉన్నాడు. చుట్టూ మంత్రులు, కోశాధికారి, మిగిలిన చామరాలవాళ్ళు. చూస్తున్నారు. అందరూ చూస్తున్నారు.

సూరాలు ఉలి ఆపకుండానే తల తిప్పింది.

“ఏటి మారాజా సూస్తన్నావు? చమురు మిగిల్చింది నువ్వు! గీత గీయించింది నువ్వు! పంతులుగోరు దిగొచ్చారు, నీ కొడుకు నడుం విరుగుతోంది, నువ్వేటి గొడుగు కింద? నెల కిందట మాటిచ్చావు కదా మా ఊరికి! ఆ మంత్రుల్ని దిగమను! ఉలి తెలిసినోడు ప్రతి పలక మీదికీ ఎల్లాలి, పొడుగు పేరు ముందుండాలి, తలకట్టూ తోకా ఉండాలి, ప్రతి కింకరుడికీ రెండో నిప్పు ముట్టించాలి! అదంతా ఈ గొలుసు తెగకుండా ఉంటేనే! కిరీటం కింద పెట్టు. చేతులు ఖాళీ చేసుకో. రా! గొలుసు పట్టు!”